చారుపొడి: గింజను చూడండి, పొట్లాన్ని కాదు

అవసరం తీరాక మనిషిని పక్కకు నెట్టేస్తే "కూరలో కరివేపాకులా తీసిపారేశారు" అంటాం. ఈ నానుడిని నేడు కరివేపాకు గురించే వాడవలసివస్తోంది. కరివేపాకు, ధనియాలు, జీలకర్ర, మిరియాలు, మెంతులు, ఎండుమిరప కలిపి ఇంట్లో వేయించి దంచుకొనే చారుపొడిని మన ఇళ్లు నిజంగానే తీసిపారేశాయి. ఖాళీ అయిన ఆ డబ్బాలోకి ఇద్దరు వచ్చి చేరారు. ఒకరు పొట్లం అమ్మేవారు. "మీ అవ్వ చేతి రుచి" అంటారు. మరొకరు ఫోనులో సందేశాలు పంపేవారు. "మీ చక్కెర వ్యాధికి ఇదే మందు" అంటారు. ఇద్దరూ మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తున్నారని ఈ వ్యాసంలో నా వాదన.

నా మాట ఒక్కటే. ఇంటి చారుపొడి గొప్పతనాన్ని దాని ప్రాచీనతలోనో ఔషధగుణంలోనో వెదకవద్దు. పొడి కాకముందు ఒక మనిషి కన్ను గింజను చూస్తుంది, ఒక చేయి దానిని ఏరుతుంది. ఆరోగ్యానికి పనికివచ్చే విలువ అంతా ఆ చూపులో, ఆ ఏరివేతలో ఉంది. ఆ పని మానుకొని పొడిని మాత్రం కొనుక్కుంటే మిగిలేది రంగు, వాసన, నమ్మకం. ఈ మూడింటినీ కల్తీ చేయవచ్చు.

మెట్ట నేల వంటలో పొడి చేసే పని

తాడిమర్రి చుట్టుపక్కల ఊళ్లను గమనించండి. చిత్రావతి పారే ప్రాంతమే అయినా సేద్యం చాలావరకు వాన మీద ఆధారపడినదే. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ వానకు తట్టుకొని పండేవి వేరుశెనగ, కంది, రాగి, జొన్న, కొర్ర, ఉలవ. అందుకే ఇక్కడి కంచంలో రాగి సంగటి, బ్యాళ్ల చారు, ఉలవచారు, పచ్చిపులుసు ఉంటాయి. ఇవి పుష్టినిచ్చే తిండ్లే, కాని వాటంతట అవి చప్పనివి. సంగటి ముద్ద గొంతు దిగాలంటే పక్కన ఘాటుగా, పుల్లగా, సువాసనగా ఏదో ఒకటి ఉండాలి. ఆ పని చేసేది పొడి.

ఈ పొడికి ఒకే కొలత లేదు. ఒక ఇంట మిరియాలు ఎక్కువ, మరొక ఇంట తెల్లగడ్డ దంచి కలుపుతారు, ఇంకొక ఇంట కొంచెం కందిపప్పు వేయించి చేరుస్తారు. రంగు కోసం బ్యాడిగి మిరప, కారం కోసం గుంటూరు మిరప వాడతారు. ధర్మవరంలోనూ పెనుకొండలోనూ హిందూపురంలోనూ ఇంటింటి లెక్క వేరు. "అసలైన రాయలసీమ చారుపొడి" అని ఒకే వస్తువు ఎన్నడూ లేదు. లేని దానికి పేరు పెట్టి అమ్ముతున్నారంటే అక్కడే మనం జాగ్రత్తపడాలి.

ఈ పొడి వల్ల ఆరోగ్యానికి నిజంగా కలిగే మేలు ఏమిటి? ప్రచారంలో ఉన్నవాటికంటే చిన్నవి, కాని వాస్తవమైనవి మూడు చెబుతాను.

మొదటిది ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి రోజుకు 5 గ్రాములలోపు ఉప్పు చాలంటుంది. పులుపు, ఘాటు, సువాసన ఉన్న వంటకంలో ఉప్పు తగ్గించినా నాలుక అంతగా పట్టించుకోదు. రక్తపోటు ఉన్నవారికి ఇది చిన్న సాయం కాదు.

రెండవది, చిరుధాన్యమూ పప్పూ ఇష్టంగా తినగలగడం. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) తేల్చింది. ధాన్యాలలో ఇనుము ఉన్నా అందులో శరీరానికి అందేది కొంచెమే. ఎర్రగడ్డ, తెల్లగడ్డ కలిపినప్పుడు ధాన్యాలలోని ఇనుము, జింకు ఎక్కువగా అందుబాటులోకి వస్తాయని మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 2010లో ప్రయోగశాల ఫలితాలు ప్రకటించారు. అంతమాత్రాన చారు తాగితే రక్తహీనత నయమవుతుందని అనుకోకూడదు. ఇనుము మాత్ర అవసరమైనవారు మాత్ర వేసుకోవలసిందే. మన వంట తీరులో కొంత తెలివి ఉందని మాత్రం చెప్పవచ్చు.

మూడవది కరివేపాకు కడుపులోకి చేరడం. తాలింపులో వేసిన ఆకును కంచం అంచున పెట్టేస్తాం. నీడన ఎండబెట్టి, వేయించి పొడిలో కలిపిన ఆకును ఎవరూ ఏరిపారేయలేరు.

పొట్లం మీది అవ్వ

ఇక మొదటి ప్రత్యర్థి. అంగడిలో వరుసగా వేలాడే పొట్లాలను చూడండి. చీర కట్టిన ముసలమ్మ బొమ్మ, పక్కన రోలు, "సంప్రదాయ రుచి" అన్న మాట. ఆ బొమ్మలోని అవ్వ మీ కోసం ఒక్క గింజనైనా ఏరలేదు.

పొడి స్వభావం ఏమిటంటే అది దాచిపెడుతుంది. ధనియాల గింజలో పురుగు పడితే మీకు కనిపిస్తుంది. మిరపకాయ లోపల బూజు ఉంటే విరిచినప్పుడు తెలుస్తుంది. మిరియాలలో బొప్పాయి గింజలు కలిపితే నీళ్లలో వేసి చూడవచ్చు. అవి తేలుతాయి, మిరియాలు మునుగుతాయి. జీలకర్రకు బదులు బొగ్గుపొడి పట్టించిన గడ్డిగింజలు వస్తే అరచేతిలో నలిపినప్పుడు నల్లగా అంటుకుంటుంది. ఇవే మర ఆడిన తరువాత కంటికి ఒకే రంగు, ముక్కుకు ఒకే వాసన. కల్లంలో రంగు వెలిసిన తాలుకాయ కూడా పొడిగా మారి కాస్త రంగు కలిస్తే మొదటి రకం కారమే.

చట్టానికి ఈ సంగతి తెలుసు. పొడి చేసిన మసాలా దినుసులను ప్యాకింగ్ లేకుండా విడిగా అమ్మరాదని 2011 నాటి ఆహార భద్రత నిబంధనలు చెబుతున్నాయి. పొట్లం మీద తయారీదారు చిరునామా, లైసెన్సు సంఖ్య, తేదీ ఉంటే తప్పు జరిగినప్పుడు పట్టుకోవడానికి ఒకరు దొరుకుతారు. కనుక సంతలో కుప్ప పోసి అమ్మే ఎర్రటి పొడికంటే పొట్లమే మేలు. ఇంతవరకు ఒప్పుకుంటాను. కాని పొట్లం జవాబుదారీని ఇస్తుంది, శుద్ధతకు హామీ ఇవ్వదు. ఆ తేడాను మూడు ఉదాహరణలు చూపుతాయి.

2005లో బ్రిటన్‌లో వందల రకాల ఆహార పదార్థాలను దుకాణాల నుండి వెనక్కు తీసుకున్నారు. వాటిలో వాడిన ఒక సాసులో సుడాన్ రంగు బయటపడటమే కారణం. ఆ రంగు భారతదేశం నుండి వెళ్లిన కారంపొడితో వచ్చింది. సుడాన్ రంగులు పరిశ్రమలలో నూనెలకు, మైనానికి వేసేవి. తిండిలో వాడటం ఇక్కడా నిషిద్ధమే.

బంగ్లాదేశ్‌లో పసుపు కొమ్ములకు మెరుపు తెప్పించడానికి లెడ్ క్రోమేట్ అనే పసుపుపచ్చని రంగు పూసేవారు. అందులో సీసం ఉంటుంది. పిల్లల మెదడుకు సీసం ఎంత తక్కువైనా క్షేమం కాదని వైద్యం చెబుతోంది. 2019లో అక్కడి ప్రభుత్వం, పరిశోధకులు కలిసి వర్తకులకు హెచ్చరికలు చేసి, దాడులు జరిపి, జరిమానాలు వేశారు. ఆ ఏడాది 47 శాతం పసుపు నమూనాలలో కనిపించిన సీసం 2021 నాటికి ఏ నమూనాలోనూ కనిపించలేదు. నిఘా పెడితే కల్తీ ఆగుతుందనడానికి ఇది రుజువు. నిఘా లేనప్పుడు ఏం జరుగుతుందో కూడా ఇదే చెబుతోంది. పూతపూసిన కొమ్ము గింజలా కంటికి దొరకకపోవచ్చు. అందుకే అసహజంగా మెరిసే పసుపు కొమ్మును వద్దనండి.

2024 ఏప్రిల్‌లో హాంకాంగ్ అధికారులు పేరున్న రెండు భారతీయ కంపెనీల మసాలా పొడులలో ఇథిలీన్ ఆక్సైడ్ కనిపించిందని వాటి అమ్మకాన్ని ఆపారు. సింగపూర్ ఒక చేపల కూర మసాలాను వెనక్కు రప్పించింది. సూక్ష్మజీవులను చంపడానికి వాడే ఈ వాయువును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషులలో క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. దానిని కనిపెట్టింది మీ నా వంటి కొనుగోలుదారు కాదు, పొరుగు దేశపు ప్రయోగశాల. తాడిమర్రి అంగడిలో పొట్లం చింపేవారి చేతిలో ఆ ప్రయోగశాల లేదు.

పేరు మీద కూడా భ్రమ వద్దు. ఫ్రాన్సులో ప్రొవాన్స్ అనే ప్రాంతపు మూలికల మిశ్రమం ప్రపంచమంతటా అమ్ముడవుతుంది. థైమ్, రోజ్‌మేరీ వంటి ఎండు ఆకులు అందులో ఉంటాయి. కాని ఆ పేరుకు చట్టరక్షణ లేనందువల్ల ఎక్కడో పండిన ఆకులను కూడా ఆ పేరుతోనే పొట్లం కట్టవచ్చు. మన పొట్లాల మీద "సీమ రుచి" అన్న మాటకు కూడా అంతే బలం.

ఒక చిన్న పని చేయండి. మీ ఇంట్లో ఉన్న తయారు మసాలాల పొట్లాలు వెనక్కు తిప్పి చదవండి. అందులోని పదార్థాలను బరువును బట్టి ఎక్కువ నుండి తక్కువకు వరుసగా రాయాలి. ఆ వరుసలో ఉప్పు ఎక్కడుందో చూడండి. అది ముందువైపు ఉంటే మీరు మసాలా ధరకు ఉప్పు కొంటున్నారు; పైగా వంటలో మళ్లీ ఉప్పు వేస్తున్నారు. రక్తపోటుకు మాత్ర వేసుకొంటూ ఈ పని చేయడం చిల్లికుండతో నీళ్లు మోయడమే.

మందు వేషం వేసిన పొడి

రెండవ ప్రత్యర్థి మొదటివానికంటే ప్రమాదకారి. పొట్లం అమ్మేవాడు మీ డబ్బు తీసుకుంటాడు. మందని చెప్పేవాడు మీ మాత్రను మాన్పిస్తాడు.

"మెంతులు, మిరియాలు, పసుపు, కరివేపాకు పొడి కలిపి పరగడుపున తాగండి, నలభై రోజులలో షుగర్ మాయం" అనే సందేశం మీకు వచ్చే ఉంటుంది. ఇందులో ఒక నిజపు తునక ఉంది కనుకనే ఇది బలంగా పాకుతుంది. ఆ తునకను విడదీసి చూద్దాం.

మెంతులలో జిగురువంటి పీచు ఉంటుంది. అది ప్రేగులలో చక్కెర పీల్చుకోవడాన్ని నెమ్మదింపజేస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1990లో ప్రచురించిన పరిశోధనలో చక్కెర తగ్గడం నిజంగానే కనిపించింది. అయితే వారు ఇచ్చిన మోతాదు రోజుకు 100 గ్రాముల కొవ్వు తీసిన మెంతిపిండి. అదీ ఇన్సులిన్ తీసుకొంటున్న రోగులకు, వైద్యుల పర్యవేక్షణలో. మీ చారుపొడి నుండి రోజుకు ఒక మనిషికి అందే మెంతులు గ్రాములో పదో వంతు కూడా ఉండవు. రెండింటి మధ్య వెయ్యి రెట్ల తేడా ఉంది. ఆ ప్రయోగం పేరు చెప్పి ఈ పొడిని మందనడం, చెరువు లోతు చెప్పి చెంబెడు నీళ్లు అమ్మడం.

పసుపు సంగతీ ఇంతే. పసుపులో కర్‌క్యుమిన్ సుమారు 3 శాతం. వంటలో వేసే చిటికెడులో అది కొన్ని మిల్లీగ్రాములు. పైగా శరీరం దానిని సులువుగా పీల్చుకోదు. మిరియాలలోని పైపెరీన్ కలిపితే ఆ శోషణ 20 రెట్లు పెరుగుతుందని బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 1998లో చూపారు. ఇది విని "చూశారా, మన పెద్దలకు తెలుసు" అంటారు. కాస్త ఆగండి. ఎక్కువ మోతాదు కర్‌క్యుమిన్‌ను ఇలా బలవంతంగా ఎక్కిస్తే కాలేయం మీద భారం పడవచ్చు. పసుపు మాత్రలతో ముడిపడిన 10 కాలేయ హాని కేసులను అమెరికా వైద్యబృందం ఒకటి 2022లో వివరించింది. వారిలో ఒకరు మరణించారు. పైపెరీన్ మరికొన్ని మందుల శోషణను కూడా మార్చగలదు. చారులో వేసే అర చెంచా మిరియాలతో భయం లేదు. "చిటికెడు మంచిదైతే గుప్పెడు ఇంకా మంచిది" అనే ఆలోచనతోనే భయం.

మధుమేహాన్ని నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి ఔషధాలు, అద్భుత చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం నిషేధించింది. చట్టం పాతదే, ఫోను మాత్రం కొత్తది. సందేశం పంపినవాడు దొరకడు. మాత్ర మానినవారు మాత్రం ఆసుపత్రిలో కనిపిస్తారు. చక్కెర అదుపు తప్పి అరికాలి పుండు మానకపోవడం, మూత్రపిండాలు దెబ్బతినడం, చూపు మందగించడం ఒక్కరోజులో జరిగేవి కావు. అందుకే పొడి తాగే మొదటి నలభై రోజులలో "ఒంట్లో బాగానే ఉంది" అనిపిస్తుంది. ఆ బాగును నమ్మవద్దు. రక్తపరీక్షను నమ్మండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇచ్చే మాత్రను చారుపొడి కోసం వదులుకోవడం కంటే ఖరీదైన పొరపాటు లేదు.

మీరు అడగబోయే ప్రశ్నలు

"ఇంటిపొడి మాత్రం శుద్ధమా?" మంచి ప్రశ్న. ఇంటిది కావడం వల్లనే ఏదీ శుద్ధం కాదు. ఉమ్మడి అనంతపురం ప్రజలకు దగ్గరి విషయం చెబుతాను. వేరుశెనగకు పంట చివరి రోజులలో బెట్ట తగిలినా, కాయలు సరిగా ఆరకపోయినా ఒక రకం బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది. తడిసిన మిరపలోనూ ఇది రావచ్చు. ఇది కాలేయ క్యాన్సర్‌కు కారణమని రుజువైన పదార్థం. వేయించినా పూర్తిగా పోదు. మంచి గింజలు అమ్మి, తాలు గింజలు ఇంటికి ఉంచుకొని శెనక్కాయ పొడి చేసుకొనే అలవాటు ఉంటే, ఆ పొడిని ఎంత ప్రేమతో దంచినా విషం విషమే. ముడతలు పడినవి, రంగు మారినవి, బూజు వాసన వచ్చేవి పారేయాలి. పశువులకు కూడా పెట్టకూడదు. నేను సమర్థిస్తున్నది ఇంటిని కాదు, ఏరివేతను. ఏరని ఇంటిపొడికంటే మంచి కంపెనీ పొడే నయం.

"అంత తీరిక ఎవరికి ఉంది?" ఈ ప్రశ్న వెనుక ఇంకొక ప్రశ్న దాగి ఉంది: ఆ పని ఎవరు చేయాలి? తరతరాలుగా చేటలో చెరిగింది, రాళ్లు ఏరింది, పొయ్యి ముందు దగ్గుతూ మిరపకాయలు వేయించింది ఆడవారే. పొలం పనికీ, ధర్మవరంలో మగ్గం పనికీ వెళ్లివచ్చి మళ్లీ రోటి ముందు కూర్చోమని వారికి చెప్పే హక్కు నాకు లేదు. సంప్రదాయం పేరుతో ఆ భారాన్ని తిరిగి వారి నెత్తినే పెట్టేవారితో నేను ఏకీభవించను. ఏరడానికి బలం అక్కరలేదు, వెలుతురు, కళ్లు చాలు. ఇంటి మగవారూ పిల్లలూ కలిసి కూర్చుంటే నెలకు ఒక గంట పని. ఊరి కారం మిషనులో మీ కళ్ల ముందే ఆడించుకోవచ్చు. టీవీ ముందు కూర్చొనే గంటలో అర కిలో ధనియాలు శుభ్రం కావా?

"స్వయం సహాయక సంఘాల మహిళలు చేసే పొడులు కొనవచ్చా?" తప్పకుండా కొనవచ్చు. వారిని అడగవలసింది ఒకటే: ఏ గింజ తెచ్చారు, ఎలా ఏరారు, ఎప్పుడు ఆడించారు? చూపించగలిగినవారు చూపిస్తారు. బొమ్మను అడిగితే జవాబు రాదు, మనిషిని అడిగితే వస్తుంది.

ఈ నెల నుండే చేయదగినవి

1. కారం, ధనియాలు, జీలకర్ర, మిరియాలు గింజగా, కాయగా కొనండి. పొడిగా కొనడం తప్పనప్పుడు లైసెన్సు సంఖ్య, తేదీ ఉన్న చిన్న పొట్లం తీసుకోండి. విడిపొడి వద్దు.

2. నలుగురున్న ఇంటికి నెలకు సుమారుగా ధనియాలు 200 గ్రాములు, ఎండుమిరప 50, జీలకర్ర 50, మిరియాలు 25, మెంతులు 10, నీడన ఎండిన కరివేపాకు రెండు గుప్పిళ్లు సరిపోతాయి. కారం మీ ఇంటి అలవాటును బట్టి మార్చుకోండి. ఇందులో ఉప్పు కలపవద్దు.

3. దేనికది విడిగా, సన్నని మంట మీద వేయించండి. మెంతులు మాడితే చేదెక్కుతాయి. పూర్తిగా చల్లారాకే ఆడించండి. వేడి మీద డబ్బాలో పోస్తే చెమ్మ చేరి బూజు పడుతుంది. తడి చెంచా పెట్టవద్దు. నెలకు మించి నిల్వ చేయవద్దు.

4. కరివేపాకు కొన్నదైతే పురుగుమందు అవశేషాలు ఉండవచ్చు. పారే నీటిలో రెండు మూడుసార్లు కడగండి. పెరడు ఉంటే వాడుకనీళ్లు పారేచోట ఒక మొక్క నాటండి. కరువు సీమలో కూడా గిన్నెలు కడిగిన నీటితో బతికే చెట్టు అది.

5. కొన్న పొడి మీద అనుమానం వస్తే గ్లాసు నీళ్లలో కొంచెం చల్లి కదపకుండా చూడండి. రంగు చారలుగా దిగితే ఆ కారం వాడకండి. పసుపు నీటిని ముదురు పసుపుగా మార్చినా అంతే. అయితే ఈ పరీక్ష అన్నింటినీ పట్టదు. అఫ్లాటాక్సిన్‌ను అసలే పట్టదు. ఆహార భద్రత అధికారికి ఫిర్యాదు చేసే హక్కు మీకు ఉంది, వాడుకోండి.

6. చక్కెర, రక్తపోటు, థైరాయిడ్, మూర్ఛ మందులు వాడేవారు ఏ పొడి కోసమూ మందు ఆపవద్దు. కషాయాలు, పసుపు మాత్రలు వాడుతుంటే ఆ సంగతి మీ వైద్యునికి దాచకుండా చెప్పండి.

చారుపొడిని తిండిగానే ఉండనివ్వండి. తిండిగా అది సంగటికి రుచి ఇస్తుంది, ఉప్పు తగ్గిస్తుంది, కరివేపాకును కడుపులోకి చేరుస్తుంది. అంతకుమించి దాని నెత్తిన ఏ బరువు పెట్టినా మోసేది మీ శరీరమే. ఈసారి నెల సరుకుల పట్టీ రాసేటప్పుడు "చారుపొడి" అన్న మాట కొట్టివేసి, దాని స్థానంలో ఆరు గింజల పేర్లు రాయండి. అవి ఇంటికి వచ్చాక ఇంట్లో ఎవరు ఖాళీగా ఉంటే వారి చేతికి చేట అందించండి.